రాజకుమారి కలిపిన మాట

గోపినాథ్‌ని మొదటిసారి చూసినప్పుడు రాజకుమారి అతన్ని నీళ్ల మోటారు బాగుచేసే మనిషి అనుకుంది.

అలా అనుకోవడంలో ఆమె తప్పేమీ లేదు. పోర్ట్‌బ్లెయిర్‌లో డెయిరీ ఫార్మ్ అనే పేటలోని పిల్లల హాస్టల్లో పొద్దుటి నుంచీ మోటారు ఆగిపోయి ఉంది. మెకానిక్‌కి ఫోన్ చేసిన ప్రతిసారీ దారిలో ఉన్నానంటున్నాడు. పిల్లలు స్కూళ్ల నుంచి వచ్చే వేళకి ఏప్రిల్ తొలి వాన ఒక్క ఉదుటున కురిసింది. ఆ వానలో ఒక సన్నటి మనిషి, భుజాన బరువైన సంచీతో, కళ్లజోడు నిండా నీళ్లతో గేటు తోసుకుని వచ్చి వసారాలో నిలబడ్డాడు. అతను నోరు తెరిచేలోపే రాజకుమారి చేతిలో టార్చి పెట్టేసింది.

"అరె భయ్యా, ఇప్పుడా వచ్చేది? మోటర్ పీఛే ఉంది. చలో," అని ముందు నడిచింది.

అతను వెనకాలే నడిచాడు. మోటారు ముందు గొంతుకూర్చున్నాడు. మూత తీశాడు. కాసేపు లోపలికి చూశాడు. మళ్లీ మూత పెట్టాడు. అప్పుడు చాలా మర్యాదగా, దీనికి ఏమైందో తనకి బొత్తిగా తెలియడం లేదనీ, తను విశాఖపట్నం నుంచి వచ్చాననీ, ఈ పిల్లల చదువు ఎలా సాగుతోందో చూసి పైవాళ్లకి చెప్పడం తన పని అనీ వివరించాడు.

రాజకుమారికి నవ్వూ సిగ్గూ ఒకేసారి వచ్చాయి.

"ముందే చెప్పొచ్చు గదా సార్."

"చేతిలో టార్చి పెట్టేశారు. కాదంటే బాగుండదనిపించింది," అన్నాడు గోపినాథ్.

నికోబార్ దీవుల్లోని ఆదివాసీ పిల్లల్ని తీసుకొచ్చి, పోర్ట్‌బ్లెయిర్‌లోని పేరున్న ఇంగ్లీషు మీడియం స్కూళ్లలో చేర్చి, హాస్టల్లో ఉంచి చదివించే పథకం అది. మొదలై కొన్నేళ్లయింది. దాన్ని ఇంకా పెంచాలా, ఉన్నంతలో నడపాలా, ఆపేయాలా అన్నది తేల్చే పని ఒక బయటి సంస్థకి అప్పగించారు. ఆ సంస్థ పంపిన మనిషి గోపినాథ్. రాజకుమారి హాస్టల్ తెరిచిన నాటి నుంచీ అక్కడే ఉంది. పేరుకి ట్యూటర్. నిజానికి జడలు వేసేదీ, జ్వరం చూసేదీ, హోంవర్క్ చేయించేదీ, పేరెంట్స్ మీటింగ్‌కి అందరి తల్లిగానూ వెళ్లేదీ ఆమే. ఆమె తాత ఎప్పుడో సోంపేట వైపు నుంచి ఓడెక్కి వచ్చాడు. ఆమె పుట్టిందీ పెరిగిందీ ఈ దీవిలోనే. తెలుగు గలగలా మాట్లాడుతుంది కానీ, చదవమంటే అక్షరం అక్షరం కూడబలుక్కుంటుంది.

మర్నాటి నుంచి గోపినాథ్ పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి హిందీలో ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాడు. స్కూలు ఎలా ఉంది? అచ్ఛా హై. తిండి ఎలా ఉంది? అచ్ఛా హై. ఇంటి మీద బెంగగా ఉందా? అదీ అచ్ఛా హై. తలుపు దగ్గర నిలబడి వింటున్న రాజకుమారి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. అతను తలెత్తి చూసేసరికి, ఇన్స్పెక్టర్లా కుర్చీలో కూర్చుని అడిగితే వీళ్లు ప్రతి ఇన్స్పెక్టర్‌కీ చెప్పే జవాబే చెప్తారని అంది. మరెలా అడగాలని అతను అడిగాడు. అసలు అడగొద్దనీ, వంటగది అరుగు మీద కూర్చుని వాళ్లతో కలిసి బఠానీలు ఒలవమనీ చెప్పింది.

అతను నిజంగానే ఒలిచాడు. సాయంత్రాలు ఫుట్‌బాల్ ఆడి మోకాలు కొట్టుకున్నాడు. వారం తిరిగేసరికి పిల్లలు అతన్ని మోటర్ సార్ అని పిలవడం మొదలుపెట్టారు. రాజకుమారి మాత్రం మోటర్ మానేసి ఒట్టి సార్ అనేది. ఆ తరవాత ఎప్పుడో సార్ కూడా మానేసింది.

అతను ఆమెకి తెలుగులో మెసేజీలు పెట్టేవాడు. అవి చదవడం ఆమెకి పెద్ద పరీక్ష. ఒకరోజు ఓపిక నశించి ఫోన్ తల్లి చేతికిచ్చింది. అప్పలకొండమ్మ ఊళ్లోనే మిడిల్ పాయింట్ దగ్గర టైలరింగ్ షాపు నడుపుతుంది. చిన్నప్పుడు తెలుగు మీడియంలో చదివిన మనిషి. కళ్లజోడు సర్దుకుని, షాపులో ఇద్దరు కస్టమర్లుండగానే గొంతెత్తి చదివింది. నిన్న వానలో గొడుగు లేకుండా వెళ్లిపోయారనీ, జలుబు చేసిందేమోనని దిగులుగా ఉందనీ, ఆ నీలం చున్నీ బాగుందనీ దాని సారాంశం. చదవడం పూర్తి చేసి అప్పలకొండమ్మ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.

"ఈ బాబు ఎవులో గానీ, అచ్చు తప్పు లేకుండా రాసినాడు," అంది. 

ఆ రోజు నుంచి వాయిస్ మెసేజీలే పెట్టమని రాజకుమారి అతనికి గట్టిగా చెప్పింది.

ఊరికి దూరంగా చౌల్దారీ అనే పల్లెలో రాజకుమారి పిన్ని గవరమ్మకి చిన్న వక్కతోట ఉంది. ఒక ఆదివారం పిల్లలందరినీ అక్కడికి తీసుకెళ్లారు. మధ్యాహ్నం వాన పట్టుకుంటే అందరూ రేకుల షెడ్డు కిందికి దూరారు. ఒక్క ఎస్తేర్ మాత్రం వానలోనే నిలబడింది. కచ్చాల్ దీవి నుంచి వచ్చిన పిల్ల. ఐదో తరగతి. లెక్కల్లో క్లాసులో ఎవరూ ఆమె దరిదాపుల్లోకి రారు. ఆమెని కన్న తల్లి లేదు, తండ్రి వేరే దీవిలో వేరే కాపురంలో ఉన్నాడు, పెంచింది అమ్మమ్మ. ఎస్తేర్ వానలో ముఖం పైకెత్తి ఏదో గొణుగుతోంది. ఏమంటోందని గోపినాథ్ అడిగాడు. ఇన్నేళ్లుగా పిల్లల దగ్గర వాళ్ల భాష కొంత నేర్చుకున్న రాజకుమారి చెవి పెట్టి విని, వాళ్ల నానీకి, అంటే అమ్మమ్మకి, కబుర్లు చెప్తోందని చెప్పింది. ఈ పిల్లని ఇంటికి పంపేయాలనీ, మిగతావాళ్లు నెమ్మదిగా అలవాటు పడ్డారు కానీ ఎస్తేర్ మార్కులు తెస్తూనే లోపల ఎండిపోతోందనీ అంది.

గోపినాథ్ ఒప్పుకోలేదు. పదేళ్ల వయసులో తననీ ఇంటి నుంచి తీసుకెళ్లి హాస్టల్లో పడేశారని చెప్పాడు. తలగడలో ముఖం పెట్టుకుని ఏడ్చిన రోజులు అతనికి గుర్తున్నాయి. ఆ రోజు నాన్న జాలిపడి వెనక్కి తీసుకెళ్లిపోయి ఉంటే తను ఈపాటికి ఏ బెల్లం క్రషర్ దగ్గరో ఉండేవాణ్ణన్నాడు. జాలితో పిల్లల దారులు మూసేయకూడదన్నాడు. ఆ మాటలు అనేటప్పుడు అతని గొంతు కొద్దిగా వణికింది. రాజకుమారి వాదన ఆపేసి, చున్నీ కొంగుతో అతని కళ్లజోడు తుడిచి ఇచ్చింది. అతనిలో ఆమెకి నచ్చిందీ, తరవాత ఆమె పాలిట శాపమయిందీ ఆ వణుకే.

మే నెలలో వేసవి సెలవులు వచ్చాయి. పిల్లల్ని ఇళ్లకి చేర్చడానికి రాజకుమారి ఎప్పటిలాగే షిప్ ఎక్కింది. తల్లిదండ్రులతో మాట్లాడాలి కాబట్టి గోపినాథ్ కూడా, ఆదివాసీ దీవులకి వెళ్లే బయటివాళ్లకి ప్రభుత్వం ఇచ్చే పాస్ తెచ్చుకుని, అదే షిప్ ఎక్కాడు. సముద్రం నిలకడగా ఉంది. పిల్లలు డెక్ అంతా తమదే అన్నట్టు పరిగెత్తారు. ఎగిరే చేపలు కనబడ్డ ప్రతిసారీ పేర్లు పెట్టి పిలిచారు. సాయంత్రం, ఆకాశం పండిన బొప్పాయి రంగులోకి తిరిగే వేళ, రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డ రాజకుమారి పక్కకి గోపినాథ్ వచ్చాడు. చాలాసేపు షిప్ గురించి మాట్లాడాడు. ఇంజన్ గురించి మాట్లాడాడు. ఇదేదో మోటారు దగ్గరికే వెళ్లేలా ఉందని ఆమె అనేసరికి ఇద్దరూ నవ్వారు.

"మా ఇంట్లో నీ గురించి చెప్పాను, రాజీ," అన్నాడు గోపినాథ్. "నువ్వు కాదంటే వాళ్లకి మళ్లీ చెప్పుకుంటాను, పొరపాటు పడ్డానని."

"పొరపాటు ఏం కాదు. రహ్‌నే దో, అలాగే ఉండనీ," అంది రాజకుమారి.

గాలికి ఆమె జుట్టు ముఖం మీద పడింది. అతను తప్పించబోయి ఆగిపోయాడు, పిల్లలు చూస్తున్నారని. ఆమె జీవితంలో అంత తేలికగా ఉన్న సాయంత్రం మరొకటి లేదు. ఆ తేలికదనమే సెలవుల చివర కచ్చాల్‌లో ఆమెతో ఆ మాట అనిపించిందని ఆమె ఇప్పటికీ అనుకుంటుంది.

కచ్చాల్ జెట్టీలో ఎస్తేర్ షిప్ పూర్తిగా ఆగకముందే అమ్మమ్మని గుర్తుపట్టింది. ఆ ముసలామె పేరు మార్తా. సునామీలో పెద్ద కూతుర్నీ ఒక కొడుకునీ పోగొట్టుకుంది. చిన్న కూతురు ఎస్తేర్‌ని కని కొన్నాళ్లకి పోయింది. ఇక మిగిలింది ఒక కొడుకు, ఈ మనవరాలు. సెలవుల కోసం వచ్చిన పిల్ల ఇంట్లో అడుగుపెడుతూనే, ఇక టౌన్‌కి వెళ్లనని చెప్పేసింది. అమ్మమ్మ సరేనంది. అక్కడితో విషయం తేలిపోయింది.

తేలిపోయిన విషయాన్ని గోపినాథ్ మళ్లీ తెరిచాడు. సెలవులు ముగిసి, పిల్లల్ని తీసుకుని తిరుగు షిప్ ఎక్కే ముందు రోజు మార్తా ఇంటికి వెళ్లి ఒకసారి మాట్లాడి చూద్దామన్నాడు. వద్దని రాజకుమారి ఒకసారి అంది. ఒక్కసారే అని, ఆ పిల్ల మన కూతురైతే మనం ఇలా వదిలేస్తామా అని అతను బతిమాలాడు. ఆమె వెంట వెళ్లింది.

మార్తా ఇంటి మెట్టు మీద కూర్చుని కొబ్బరి తురుముతోంది. ఆమెకి హిందీ అంతంత మాత్రం. గోపినాథ్ చెప్తుంటే రాజకుమారి నికోబారీ మాటల్లోకి మార్చింది. లెక్కల్లో ఈ పిల్లకి సాటి లేదని చెప్పాడు. చదివితే డాక్టరై ఈ దీవికే తిరిగొస్తుందని చెప్పాడు. సెలవులకి ఎలాగూ ఇంటికి వస్తుందని చెప్పాడు. అన్నీ మంచి మాటలే, అన్నీ అతను మనసారా నమ్మిన మాటలే. రాజకుమారి నోటి నుంచి అవి ఇంకా మెత్తగా వచ్చాయి. ముసలామె అతని వంక చూడనే లేదు. రాజకుమారి ముఖమే చూస్తూ విన్నది. నాలుగేళ్లుగా తన మనవరాలికి జడ వేస్తున్న మనిషి ఆమె.

అంతా విని మార్తా ఒకే ఒక్క మాట అడిగింది. తను మంచాన పడితే ఎలా అని.

రాజకుమారి దాన్ని తెలుగులో గోపినాథ్‌కి చెప్పింది. అతను కాస్త ఆలోచించాడు.

"అదెలా చెప్పగలం. షిప్‌ని బట్టి ఉంటుంది," అన్నాడు.

ఆ మాట అలాగే చెప్తే ముసలామె పిల్లని పంపదని రాజకుమారికి తెలుసు. పంపకపోవడమే మంచిదని కూడా తెలుసు. కానీ పక్కన గోపినాథ్ ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. చిన్నప్పటి తన తలగడని గుర్తుచేసుకుంటున్నట్టు చూస్తున్నాడు. అతని ముఖంలో ఆ ఆశ ఆరిపోవడం ఆమె చూడలేకపోయింది.

నీకు బాగోలేదని కబురొస్తే చాలు, పిల్లని నేనే తీసుకొచ్చి నీ పక్కన కూర్చోబెడతాను అని చెప్పింది.

మార్తా తురుము అంటిన చేత్తోనే రాజకుమారి చెంప నిమిరింది. లోపలికి వెళ్లి ఎస్తేర్ సంచీ సర్దింది.

"ఏమన్నావు? ఒప్పుకుందా?" అని గోపినాథ్ అడిగాడు.

"నువ్వు చెప్పిందే చెప్పాను," అంది రాజకుమారి.

జూన్, జూలై నెలలు బాగానే గడిచాయి. గోపినాథ్ విశాఖ వెళ్లిపోయి రోజూ ఫోన్ చేసేవాడు. ఎస్తేర్ ఎలా ఉందని అడగని రోజు లేదు. ఎస్తేర్ బాగానే ఉందని ఆమె చెప్పేది. నిజంగానే ఆ పిల్ల చదువుకుంటోంది, తింటోంది. మాట మాత్రం తగ్గించింది. అతను ఆగస్టులో మళ్లీ వచ్చాడు, తను చూసిందంతా ఇక్కడి ఆఫీసర్లకి వినిపించడానికి. వచ్చిన రోజే మిడిల్ పాయింట్ షాపుకి వెళ్లాడు. అప్పలకొండమ్మ అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టి టీ తెప్పించింది.

"మావోళ్లు ఇక్కడ శానామందున్నారు గానీ, దాన్ని నవ్వించినోడు నువ్వే బాబూ," అంది. "మీ అమ్మానాన్నల్ని రమ్మను. నాను కాదనేదేటుంది."

దసరాకి వాళ్లు వస్తారని అనుకున్నారు.

ఆ వారంలోనే కచ్చాల్ నుంచి ఎస్తేర్ మేనమామ ఫోన్ చేశాడు. అమ్మకి జ్వరం తగ్గడం లేదనీ, పిల్లని చూడాలంటోందనీ చెప్పాడు. రాజకుమారి వెంటనే షిప్ టికెట్లు తీసుకుంది. పొద్దున్నే ఎస్తేర్‌ని తీసుకుని జెట్టీకి వెళ్లింది. సముద్రంలో వాయుగుండం పడిందని షిప్ ఆపేశారు. మర్నాడు కూడా వెళ్లారు. ఆ మర్నాడు కూడా. హెలికాప్టర్‌లో సీటు కోసం గోపినాథ్ తడిసిన బట్టలతో ఆఫీసుల చుట్టూ తిరిగాడు. సీటు ఇస్తామన్నారు, కానీ ఆ గాలిలో హెలికాప్టర్ లేవడానికి వీల్లేదన్నారు. ఎవర్నీ తప్పుపట్టడానికి లేదు. ఎగిసే సముద్రం ముందు ఎవరి సంతకాలూ పనికిరావు.

జెట్టీ షెడ్డులో ఎస్తేర్ తన సంచీ ఒళ్లో పెట్టుకుని, వాన వంక చూస్తూ కూర్చునేది. ఏమీ అడిగేది కాదు. నాలుగో పొద్దున మేనమామ మళ్లీ ఫోన్ చేశాడు. రాజకుమారి ఫోన్ చెవి దగ్గర నుంచి తీసేసరికే ఆ పిల్లకి అర్థమైంది.

"తీసుకెళ్తా అన్నావ్ గదా దీదీ. నానీకి చెప్పావ్ గదా," అంది ఎస్తేర్, హిందీలో. కోపంగా కూడా కాదు. తెలియనిది అడిగినట్టు అడిగింది.

రాజకుమారి ఆ పిల్ల పక్కనే కూర్చుంది.

సముద్రం కుదుటపడ్డాక రాజకుమారి, ఎస్తేర్ కచ్చాల్ వెళ్లారు. కొబ్బరి చెట్ల మధ్య ఇసుకలో కొత్త శిలువ. ఎస్తేర్ దాని పక్కన కూర్చుని, చౌల్దారీ వానలో గొణిగినట్టే గొణగడం మొదలుపెట్టింది. పిల్ల ఇక ఇక్కడే ఉంటుందని మేనమామ చెప్పాడు. రాజకుమారి తల ఊపింది. క్షమించమని అడిగే ధైర్యం కూడగట్టుకునే లోపే, అతను నెమ్మదిగా హిందీలో చెప్పుకొచ్చాడు. షిప్ ఎందుకు రావడం లేదని అమ్మ అడిగిందట. సముద్రం బాగోలేదని తను చెప్పాడట. అలాగైతే ఈ సముద్రంలో పిల్లని తీసుకురావద్దని ఆ దీదీకి ఫోన్ చేసి చెప్పు, ఆమె మాట ఇచ్చింది కాబట్టి ఎలాగైనా బయల్దేరుతుంది అందట. ఫోన్ కలవలేదట.

తిట్టి ఉంటే బాగుండేదని రాజకుమారికి అనిపించింది. తిట్లు కొన్నాళ్లకి మరిచిపోవచ్చు.

తిరిగి వచ్చేసరికి పోర్ట్‌బ్లెయిర్ జెట్టీలో గోపినాథ్ గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇద్దరూ టీ కొట్టు పక్క బల్ల మీద కూర్చున్నారు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. పిల్లని వెనక్కి రప్పించింది తనేననీ, ఆ ముసలామెని మాటలతో ఒప్పించింది తనేననీ, ఈ తప్పు నీది కాదనీ అన్నాడు. ఆ ఓదార్పు రాజకుమారికి ముల్లులా గుచ్చుకుంది.

"బాగోకపోతే ఎలా అని ఆవిడ అడిగింది. నువ్వేం చెప్పావో గుర్తుందా?" అంది.

"షిప్‌ని బట్టి ఉంటుందన్నాను."

"అది నేను ఆవిడకి చెప్పలేదు."

గోపినాథ్ ఆమె వైపు తిరిగాడు. ఆమె ఆ రోజు తను కలిపిన మాట అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. టీ చల్లారిపోయింది. షిప్ నుంచి దిగిన జనం బుట్టలతో, కోళ్లతో వాళ్ల ముందు నుంచి వెళ్లిపోయారు.

"నేనన్నది అన్నట్టు చెప్పి ఉంటే?" అన్నాడు చివరికి.

"పంపేది కాదు."

"ఎందుకలా చెప్పావు రాజీ?"

"నువ్వు సంతోషపడాలని," అంది రాజకుమారి. ఆ మాట పైకి చెప్తే ఎంత చిన్నదిగా ఉందో అప్పుడే తెలిసింది ఆమెకి.

అతను కోప్పడలేదు. ఓదార్చనూ లేదు. తన సంతోషం కోసం జరిగిందన్న మాట అతన్ని ఆ బల్ల మీదే కుంగదీసింది. కాసేపటికి, నువ్వు అప్పుడు వద్దన్నది నేను వినలేదు కదా అన్నాడు. ఆమె అవునంది. అబద్ధం చెప్పే ఓపిక ఆమెకి ఇక లేదు. దసరా గురించి ఇద్దరూ ఎత్తలేదు. ఎత్తకపోవడంతోనే అది వాయిదా పడింది.

పథకాన్ని పెంచాలని ముందు అనుకున్న మాట గోపినాథ్ ఆఫీసర్లకి చెప్పలేదు. మార్కులు పెరిగాయన్నది నిజమేనన్నాడు. కానీ చిన్నపిల్లల్ని ఐదో తరగతి దాకా వాళ్ల దీవుల్లోనే, వాళ్ల మాటలోనే చదివించాలనీ, టౌన్‌కి తెచ్చేటప్పుడు పెద్దవాళ్లకి ఏది కుదురుతుందో ఏది కుదరదో దాచకుండా చెప్పాలనీ అన్నాడు. ఒక అమ్మమ్మ సంగతి చెప్పాడు. ఆమెని ఒప్పించింది తనే అని చెప్పాడు. రాజకుమారి పేరు ఎత్తలేదు. ఎత్తమని ఆమె ముందే పట్టుబట్టింది, అతను వినలేదు. ఈసారి అతను వినకపోవడం మీద ఆమెకి కోపం కూడా రాలేదు. మరుసటి ఏడాది నుంచి మరీ చిన్నవాళ్లని తీసుకురాకూడదని నిర్ణయం అయింది. మిగతావి చూద్దామన్నారు.

గోపినాథ్ విశాఖ వెళ్లిపోయాడు. ఫోన్లు రోజు నుంచి వారానికి, వారం నుంచి పండగలకి జారాయి. అతను మళ్లీ తెలుగులో మెసేజీలు పెట్టడం మొదలుపెట్టాడు. ఆమె వాటిని తల్లికి ఇవ్వకుండా కూడబలుక్కుని తనే చదువుకునేది. చదవడం కొంచెం కొంచెం వచ్చేసింది. జవాబు రాయడం మాత్రం చేతకాలేదు. అప్పలకొండమ్మ కూతురి ముఖం చూసేది, మిషన్ వైపు తిరిగేది. ఏమైందని ఒక్కసారి కూడా అడగలేదు.

డిసెంబర్‌లో క్రిస్మస్ సెలవులకి రాజకుమారి పిల్లల్ని తీసుకుని మళ్లీ కచ్చాల్ వెళ్లింది. ఎస్తేర్ జెట్టీకి రాలేదు. రాజకుమారే సమాధి దగ్గరికి వెళ్లి, కొంచెం దూరంగా నిలబడి వచ్చేసింది. ఎస్తేర్ ఊళ్లో బళ్లోనే చదువుతోందనీ, మేనమామ పిల్లలకి లెక్కలు చెప్తోందనీ, అతను పడవలో సముద్రం మీదకి పోతే వెంటపడి వస్తోందనీ విన్నది. అవన్నీ విని ఆనందపడే హక్కు తనకి ఉందో లేదో ఆమెకి తెలియలేదు.

తిరుగు షిప్ ఎక్కే వేళకి ఎస్తేర్ వచ్చింది. కొంచెం పొడుగైంది. జుట్టు కత్తిరించుకుంది, ఇక ఎవరూ జడ వేయనక్కర్లేదు. పలకరించకుండా పక్కన నిలబడి జనంలో ఎవరినో వెతికినట్టు చూసింది.

"ఆ సార్ రాలేదా?" అని అడిగింది, తన భాషలో.

రాలేదని రాజకుమారి అదే భాషలో చెప్పింది.

"నానీకి ఇద్దరూ వచ్చి చెప్పారు గదా," అంది ఎస్తేర్. "నువ్వు ఒక్కదానివే వచ్చి నిలబడి వెళ్లిపోతే ఎలా? ఇద్దరూ రండి. నానీతో మాట్లాడండి. నేను ఉంటాను."

అని వెనక్కి తిరిగి నడిచి వెళ్లిపోయింది. క్షమించానని చెప్పలేదు. క్షమించనని కూడా చెప్పలేదు.

టౌన్ చేరగానే, జెట్టీ దాటకముందే రాజకుమారి గోపినాథ్‌కి ఫోన్ చేసింది. నెలల తరవాత ఆమె చేసిన మొదటి ఫోన్ అది. ఎస్తేర్ మాటలు ఏమీ కలపకుండా, ఏమీ తియ్యకుండా చెప్పింది.  

"భయంగా ఉంది రాజీ," అన్నాడు గోపినాథ్.

"నాకూ భయమే."

"పాస్‌కి అప్లై చేస్తాను," అన్నాడు. "అమ్మగారితో ఏం చెప్పి వస్తావు?"

"నీతో వెళ్తున్నానని చెప్తాను," అంది రాజకుమారి.

ఇద్దరూ ఫోన్ పెట్టలేదు.  అతని ఊపిరి వింటూ ఆమె జెట్టీ గేటు దాకా నడిచింది.

నేరుగా మిడిల్ పాయింట్ వెళ్లింది. షాపులో అప్పలకొండమ్మ ఎవరిదో జాకెట్టు చేతికి కాజాలు కుడుతోంది. రాజకుమారి స్టూలు మీద కూర్చుని, ముసలామె అడిగిన ప్రశ్న నుంచి ఎస్తేర్ అన్న మాట దాకా, నెలల తరబడి దాచినదంతా చెప్పేసింది. గోపినాథ్ వస్తున్నాడనీ, అతనితో కచ్చాల్ వెళ్తున్నాననీ చెప్పింది. పెళ్లికి ముందే అతనితో ఊళ్లు తిరగడం ఏమిటని అమ్మ అంటుందేమో అనుకుంది. చేసిన పనికి తిడుతుందేమో అనుకుంది.

అప్పలకొండమ్మ దారం పళ్లతో కొరికింది. కళ్లజోడు తీసి పక్కన పెట్టింది.

"ఆ పిల్లకి ఏటి పట్టికెల్తారు?" అని అడిగింది.

రాజకుమారికి ఏమీ తోచలేదు. ఎస్తేర్‌కి ఏం కావాలో ఒకప్పుడు ఆమెకి అడగకుండానే తెలిసేది. స్టూలు మీద అలాగే కూర్చుని, ఆగస్టు నుంచి రాని ఏడుపంతా ఏడ్చింది. అప్పలకొండమ్మ లేచి షాపు తలుపు దగ్గరగా వేసి వచ్చి, కూతురి తలని పొట్టకి ఆనించుకుని నిలబడింది.